పెద్ద చేప లేని వాగులో దాయాదుల పోరు

మత్స్యన్యాయం అనే మాట మనం ఎక్కువగా రాజకీయాల గురించో ఊరి పెత్తనాల గురించో మాట్లాడేటప్పుడు వాడతాం. పెద్ద చేప చిన్న చేపను మింగేస్తుంది, బలమున్నవాడిదే రాజ్యం, అంతటితో కథ కంచికి. ఆ మింగుడు కార్యక్రమం అయ్యాక మిగిలిన చిన్న చేపల బతుకు ఎలా ఉంది, వాటిలో వాటికి గొడవలు పెరిగాయా తగ్గాయా, వాటికి పుట్టే పిల్లలు ఎలా ఉన్నాయి అని ఎవరూ అడగరు. డాబా మీద దోమలు లేకపోతే నేనూ అడిగేవాణ్ణి కాదు.

రెండేళ్ళ కిందట డాబా మీద ఒక సిమెంటు తొట్టిలో తామర పెట్టాం. తామర సంగతి దేవుడెరుగు, దోమలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. తెలిసినాయన ఒకాయన ఐదు గప్పీ చేపల్ని, రెండు మగ మూడు ఆడ, ప్లాస్టిక్ కవర్లో పోసి ఇచ్చాడు. (మన పంచాయతీల వాళ్ళు దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూసియా చేపలు వీటికి దగ్గరి చుట్టాలే, గప్పీలనీ అదే పనికి వాడతారు.) నెల తిరిగేసరికి తొట్టిలో ఒక్క దోమ లార్వా లేదు. నాలుగు నెలలకి తొట్టి నిండా గప్పీలు. ఆ తర్వాత చూడాలి తమాషా, ఒక్కొక్కటీ పుల్లలాగా సన్నబడిపోయి, గుప్పెడు మేత వేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తూ, ఆడవైతే ఈనిన పిల్లల్నే వెనక్కి తిరిగి గుటుక్కుమనిపిస్తూ. కొంగ రాదు, పిల్లి మెట్లెక్కదు. శత్రువన్నవాడు లేడు, అయినా ఏ ఒక్కదానికీ సుఖం లేదు.

వేట అనగానే మన బుర్రలో ఉండే బొమ్మ ఏంటంటే, పులి వస్తుంది, మందలో కుంటిదాన్నో ముసలిదాన్నో పట్టుకుపోతుంది, బలమైనవి మిగులుతాయి, జాతి బాగుపడుతుంది. ఇందులో అబద్ధం లేదు గానీ సగమే ఉంది. ఒక జింక పోతే అది తినాల్సిన గడ్డి మిగతావాటికి మిగిలింది కదా, ఆ సంగతి ఈ బొమ్మలో ఎక్కడా లేదు. డార్విన్ 1859లోనే చెప్పాడు, పోరు అన్నిటికంటే తీవ్రంగా ఉండేది ఒకే జాతి ప్రాణుల మధ్యేనని, ఎందుకంటే వాటికి కావాల్సిన చోటు ఒకటే, తిండి ఒకటే, ఎదురయ్యే ప్రమాదాలూ అవే. మన భాషలో చెప్పాలంటే దాయాదుల పోరు. పొలం గట్టు కోసం కొట్టుకునేది అన్నదమ్ముల పిల్లలే, పక్క జిల్లావాడు కాదు. వేటాడే జంతువు ఈ దాయాదుల మధ్యకి వచ్చి కొందరిని ఎత్తుకుపోతుంది, దాంతో ఎంత మంది మిగిలారన్నదే కాదు, మిగిలినవాళ్ళలో ఎలాంటి వాళ్ళు నెగ్గుతారన్నది కూడా మారిపోతుంది.

దీన్ని ఊహించి చెప్పడం సులువు, నిరూపించడం కష్టం. అయితే నిరూపించడానికి ప్రకృతి తనంతట తానే ఒక ప్రయోగశాల కట్టిపెట్టిన చోటు ఒకటుంది, అది నా తొట్టిలోని గప్పీల సొంతూరే. ట్రినిడాడ్. క్రికెట్ చూసేవాళ్ళకి బ్రయన్ లారా దేశం అంటే చాలు. ఆ దీవి ఉత్తరాన నార్తర్న్ రేంజ్ అనే కొండల వరస ఉంది, దాని మీంచి అరిపో, గ్వానాపో, ఎల్ సెడ్రో లాంటి వాగులు బోలెడు కిందికి దిగుతాయి, దిగే దారిలో అక్కడక్కడా జలపాతాలు. 1866లో ఆ దీవిలో ఉండే రాబర్ట్ జాన్ లెచ్‌మియర్ గప్పీ అనే ఆయన ఈ చేపల్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంకి పంపాడు, అలా ఆయన ఇంటిపేరు వీటికి అంటుకుపోయింది.

జలపాతానికి కింద వాగులో పైక్ సిక్లిడ్ అనే చేప ఉంటుంది, గప్పీలంటే దానికి ప్రాణం, బాగా ఎదిగిన గప్పీని కూడా ఒక్క గుటకలో లోపలేసుకుంటుంది. దానితో పాటు మన కొరమీనులాగా మాటు వేసి పట్టే మరో పెద్ద చేప కూడా. ఇవి జలపాతం ఎక్కలేవు. గప్పీలు ఎలాగో ఎక్కాయి. గప్పీలతో పాటు రివ్యులస్ అని ఒక చిన్న చేప కూడా పైన ఉంటుంది, అది వానలు పడ్డప్పుడు తడి ఆకుల మీద ఎగురుకుంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకి పోగలదు, కానీ దాని నోరు చిన్నది, గప్పీ పిల్లల్ని తింటే తినగలదు గానీ పెద్దవాటి జోలికి పెద్దగా పోదు. అంటే ఒకే వాగు, ఒకే జాతి చేప, మధ్యలో ఒక రాతి గోడ, గోడకి అటు ప్రాణభయం, ఇటు దాదాపు ప్రశాంతత. ఇదే ఏర్పాటు ఒక వాగులో కాదు, వాగు తర్వాత వాగులో. శాస్త్రవేత్తకి ఇంతకంటే ఏం కావాలి.

డేవిడ్ రెజ్నిక్ అనే ఆయన 1970ల చివర్లో ఈ వాగుల్లోకి దిగి, దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఆయన మొదట చూసింది పిల్లల లెక్క. కింద వాగు గప్పీలు చిన్న వయసులోనే, చిన్న సైజులోనే పెద్దమనుషులైపోతాయి, ఒక్కో ఈతలో ఎక్కువ పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలు మాత్రం చిన్నవి. పైన వాగువి తీరుబడిగా పెరుగుతాయి, కొంచెం పెద్దయ్యాకే కనడం మొదలుపెడతాయి, కనేది తక్కువే గానీ ఒక్కో పిల్ల ఒడ్డూ పొడుగూతో పుడుతుంది. ఇదేదో తిండి తేడా అయ్యుండొచ్చుగా అని అనుమానం రావాలి మీకు. ఆయనకీ వచ్చింది. రెండు చోట్ల చేపల్నీ ల్యాబ్‌కి తెచ్చి, ఒకే నీళ్ళు, ఒకే మేత పెట్టి, మనవళ్ళ తరం దాకా పెంచి చూశాడు. తేడా పోలేదు. కింద వాగు మనవరాళ్ళు, జన్మలో ఒక్క సిక్లిడ్ మొహం చూడనివి కూడా, పైవాటికంటే సుమారు పది రోజుల ముందే తొలి కాన్పుకి వచ్చేశాయి. అంటే ఇది రక్తంలోకి ఇంకిన తేడా.

ఆ తర్వాత చేసిన పని నాకు భలే నచ్చుతుంది. 1976లో జాన్ ఎండ్లర్ అనే ఆయన అరిపో వాగులో సిక్లిడ్‌లు తిరిగే చోటు నుంచి 200 గప్పీల్ని పట్టి, దాని ఉపవాగులో జలపాతం పైన, అప్పటిదాకా రివ్యులస్ తప్ప గప్పీ అన్నదే లేని చోట వదిలేశాడు. 1981లో రెజ్నిక్ ఎల్ సెడ్రో వాగులో ఇలాంటిదే ఇంకొకటి చేశాడు. వదిలేసి ఊరుకున్నారు, అప్పుడప్పుడూ వెళ్ళి పట్టి చూశారు. ఎల్ సెడ్రోలో మగవాటిలో మార్పు నాలుగేళ్ళలో తేలింది, ఆడవాటికి ఇంకొంచెం పట్టింది. అరిపోలో పదకొండేళ్ళు గడిచేసరికి, అంటే 30 నుంచి 60 తరాలు, ఆ వలస గప్పీల సంతానం పైవాగు పద్ధతికి వచ్చేసింది: ఆలస్యంగా ఎదగడం, పెద్దయ్యాక కనడం, తక్కువ కనడం, పెద్ద పిల్లల్ని కనడం. పరిణామ వేగాన్ని కొలవడానికి డార్విన్ పేరుతోనే ఒక కొలత ఉంది, ఆ కొలతలో ఈ మార్పుల వేగం 3,700 నుంచి 45,000 దాకా తేలింది. శిలాజాల్లో సాధారణంగా కనిపించే వేగం ఒకటి దాటితే గొప్ప. పరిణామం అంటే లక్షల ఏళ్ళ వ్యవహారం అని స్కూల్లో చదువుకున్న మనకి ఇది మింగుడుపడదు.

సరే, ఇక్కడిదాకా అందరూ చెప్పే కథే. చిక్కు ఇక్కడినుంచి మొదలవుతుంది.

మొదట్లో దీనికి ఇచ్చిన జవాబు చాలా శుభ్రంగా ఉండేది. కింద సిక్లిడ్ పెద్ద గప్పీల్ని తింటుంది, కాబట్టి పెద్దయ్యేలోపే కనేయడం మంచిది, పైన రివ్యులస్ పిల్లల్ని తింటుంది, కాబట్టి పెద్ద పిల్లల్ని కని అవి త్వరగా ఆ నోటికి పట్టనంత అయ్యేలా చూడటం మంచిది. చక్కగా అతికినట్టుంది కదా. తర్వాత రెజ్నిక్ బృందం వాగుల్లో గప్పీలకి గుర్తులు పెట్టి వదిలి, మళ్ళీ పట్టి, ఏ సైజువి ఎన్ని చచ్చిపోతున్నాయో నిజంగా లెక్కేసింది. 1996లో లెక్క బయటికి వచ్చింది. కింద వాగులో చావులు ఎక్కువే, అందులో డౌట్ లేదు, కానీ పెద్దవాటిలో మాత్రమే ఎక్కువ కాదు, అన్ని సైజుల్లోనూ ఎక్కువే. ఇది పెద్ద తలనొప్పి. ఎందుకంటే లెక్కల ప్రకారం చూస్తే, అన్ని వయసుల వాళ్ళకీ చావు సమానంగా పెరిగితే, వేరే ఏదీ మారకపోతే, ముందుగా కనాలనే ఒత్తిడి అంత తేలిగ్గా పుట్టదు. కానీ చేపలు మారాయి, కళ్ళ ముందే మారాయి. అంటే వేరే ఏదో కూడా మారుతోంది.

ఆ వేరే ఏదో, జనాభా. సిక్లిడ్ ఉన్న వాగులో గప్పీలు పలచగా ఉంటాయి, ఉన్నవాటికి తిండి దండిగా. జలపాతం పైన గప్పీలు కిక్కిరిసి, ఒక్కోదాని వాటాకి వచ్చేది తక్కువ. మన కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువులు చేసేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, వాళ్ళు చేప పిల్లల్ని చిన్న చెరువులో కావాలనే కుక్కి, అరకొర మేతతో ఏడాది దాకా ఎదగనివ్వకుండా ఉంచి, తర్వాత పెద్ద చెరువులోకి పలచగా వదులుతారు. అప్పుడవి చూస్తుండగానే దూసుకుపోయినట్టు పెరుగుతాయి. సైజు ఆపింది జబ్బు కాదు, పక్కనున్న తోటి చేపలు. తిలాపియాతో అయితే ఇంకా సూటిగా, అవి చెరువులో విపరీతంగా పిల్లలు పెట్టి, అన్నీ బెత్తెడు దాటకుండా ఉండిపోతాయి కాబట్టి కొన్ని దేశాల్లో రైతులు అదే చెరువులో కొరమీను లాంటి వేటాడే చేపల్ని కొన్ని వేస్తారు. కొరమీను పిల్లల్ని తింటుంది, మిగిలినవి బలుస్తాయి.

గప్పీల విషయంలో ఈ జనాభా లెక్కని విడిగా పరీక్షించారు. పైవాగు గుంటల్లో గప్పీల్ని ఒకచోట పెంచి, ఇంకోచోట తగ్గించి చూస్తే, కిక్కిరిసిన చోట ఎదుగుదల పడిపోయింది, పలచబడ్డ చోట పుంజుకుంది. ఇప్పుడు పెద్ద పిల్లని కనడం వెనక అసలు సంగతి తేటగా కనిపిస్తుంది, అది రివ్యులస్ నోటిని తప్పించుకోవడం ఒక్కటే కాదు, పుట్టిన రోజు నుంచే వందమంది దాయాదుల మధ్య మేత కోసం తోసుకోవాలి కాబట్టి, కొంచెం దిట్టంగా పుట్టిన పిల్లే నిలబడుతుంది. కింద వాగులో ఆ తోపులాట లేదు, అక్కడ పది చిన్న పిల్లల్ని వెదజల్లితే ఏ ఒకటో రెండో దక్కుతాయి. వేటగాడు కింద ఒకలాంటి గప్పీని తయారుచేశాడు. వేటగాడు లేకపోవడం వల్ల వచ్చిన గుంపు, పైన ఇంకోలాంటి గప్పీని తయారుచేసింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని దాచిపెడితే వ్యాసం అందంగా ఉంటుంది గానీ నిజాయితీగా ఉండదు. కొండ పైకి పోయేకొద్దీ వాగు సన్నబడుతుంది, చెట్లు రెండు వైపుల నుంచీ కమ్ముకుంటాయి, ఎండ నీళ్ళ మీద పడదు, పాచి పెరగదు. అంటే పైన తిండి తక్కువవడానికి గుంపు కొంత కారణం, నీడ కొంత కారణం. ఈ రెంటినీ విడదీయడానికి 2008, 2009లో నాలుగు వాగుల్లో, గ్వానాపో నుంచి తెచ్చిన గప్పీల్ని వదిలారు, రెండు వాగుల మీద చెట్ల కొమ్మలు కొట్టి వెలుతురు పడేలా చేశారు, రెండింటిని చీకట్లోనే ఉంచారు. ప్రతి చేపకీ విడిగా గుర్తు పెట్టి, నెలనెలా వెళ్ళి పట్టి, తూచి, మళ్ళీ వదలడం. మన ఆధార్ లాంటిదే, కాకపోతే వేలిముద్ర పడలేదని వెనక్కి పంపేవాళ్ళు లేరు.

కింద వాగు, పైవాగు గప్పీలు తినే తిండిలోనూ తేడా ఉంది. కింద వాగు గప్పీ ఏరుకుని తింటుంది, పురుగులు, వాటి లార్వాలు దొరికితే పాచి వైపు చూడదు. పైవాగుది ఏది దొరికితే అది, పాచి, కుళ్ళిన ఆకుల మడ్డి, అన్నీ. కటకటలాడే ఇంట్లో పెరిగిన పిల్లాడు వంకలు పెట్టడు కదా, అలా అనిపిస్తుంది గానీ ఇది అలవాటు ఒక్కటే కాదు. 2010లో కృత్రిమ కాలువలు కట్టి, రెండు రకాల గప్పీల్నీ ఒకే సంఖ్యలో వేసి చూస్తే, పైవాగు గప్పీలున్న కాలువల్లో పాచి తగ్గి పురుగులు పెరిగాయి, కింద వాగువి ఉన్నచోట దానికి తిరగేసి. అంటే పోటీలో మారిన చేప, ఆ వాగునే మార్చేస్తోంది, మారిన వాగు మళ్ళీ చేపని మారుస్తుంది. ఇది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పమంటే కోడి ముందా గుడ్డు ముందా అన్నట్టుంటుంది.

రంగుల దగ్గరికొద్దాం. ఆడ గప్పీ బూడిద రంగులో ఉంటుంది, పెద్దగా చూసేదేం లేదు. అడవిలోని మగది అంగుళం కూడా ఉండదు, కానీ ఒంటి మీద నారింజ, నలుపు, నీలం మెరుపు చుక్కలు, ఏ రెండు మగవాటివీ ఒకేలా ఉండవు. ఆ చుక్కల్లో చాలావరకు తండ్రి నుంచి కొడుక్కి నేరుగా, వై క్రోమోజోమ్ మీద పోతాయి, 1920ల నాడే డెన్మార్క్‌వాళ్ళు దీన్ని కనిపెట్టారు. ఆడవాటికి నారింజ రంగంటే మోజు. సిక్లిడ్‌కి కూడా ఆ రంగు కనిపిస్తుంది. ఇదీ మగవాడి కష్టం, పెళ్ళిచూపులకి వేసుకున్న చొక్కాతోనే పోలీసుకీ దొరికిపోతాడు.

ఎండ్లర్ దీని మీద చేసిన ప్రయోగాన్ని మాటల్లో చెప్తే అర్థం కాదు, బొమ్మ కట్టుకోండి. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో గాజుకప్పు కింద వరసగా చిన్న చెరువులు. కొన్నింటి అడుగున సన్న గులకరాళ్ళు, కొన్నింట్లో ముతకవి, రంగురంగులవి. రకరకాల వాగుల గప్పీలు కలిపి వేశాడు. కొన్నింట్లో సిక్లిడ్ వేశాడు, కొన్నింట్లో రివ్యులస్, కొన్నింట్లో ఎవరూ లేరు. ఏడాది పైన గడిచాక లెక్కపెడితే, సిక్లిడ్ ఉన్న చెరువుల్లో మగవాటి చుక్కలు తగ్గాయి, ఉన్న చుక్కల సైజు అడుగున ఉన్న గులకరాళ్ళ సైజుకి సరిపోయేలా తయారైంది, సన్న రాళ్ళ మీద సన్న చుక్కలు, ముతక రాళ్ళ మీద పెద్ద చుక్కలు. వేటాడేవాడు లేని చెరువుల్లో సరిగ్గా దీనికి ఎదురు, సన్న రాళ్ళ చెరువులో పెద్ద చుక్కలు, ముతక రాళ్ళ చెరువులో సన్న చుక్కలు, ఎలాగైనా సరే ఆడదాని కంటపడాలి అన్నట్టు. నాకు ఈ రెండో సగమే ఎక్కువ ఇష్టం. కలిసిపోవాలా, వేరుగా కనిపించాలా అనేది వేటగాడు ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి తిరగబడింది. అరిపోలో 1976లో పైకి మార్చిన గప్పీలూ రెండేళ్ళకే రంగుల్లో తేలాయి.

ఇక్కడ ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. వేట ఉన్నచోట కనిపించకుండా ఉండే రంగే మంచిదైతే, కొన్నాళ్ళకి మగవన్నీ ఆ ఒక్క రంగులోకి వచ్చేయాలి కదా. రాలేదు. ఇంత వైవిధ్యం ఎలా నిలబడింది?

తాళంచెవి లెక్క తీసుకోండి. ఊరెళ్ళేటప్పుడు వీధిలో అందరూ తాళంచెవి చెప్పుల స్టాండులో పెడతారనుకోండి. దొంగ మొదట చూసేది చెప్పుల స్టాండే. ఒకడు మాత్రం తులసికోట వెనక పెట్టాడు, వాడి ఇల్లు బతికింది. అది విని వీధంతా తులసికోట వెనక పెట్టడం మొదలుపెడితే, రెండు నెలల్లో దొంగ చెయ్యి నేరుగా తులసికోట వెనక్కే పోతుంది, అప్పుడు చెప్పుల స్టాండే మళ్ళీ భద్రం. వేటాడే చేప కూడా అంతే, ఎక్కువగా దొరికే వేషాన్ని గుర్తుపెట్టుకుని దాని కోసమే వెతుకుతుంది, అరుదైన వేషం దాని కంటికి ఆనదు. 2006లో దీన్ని ట్రినిడాడ్ వాగుల్లోనే పరీక్షించారు. గుంటల్లో ఒక రంగు తీరు మగవాటిని ఎక్కువ, ఇంకో తీరువాటిని తక్కువ ఉండేలా మార్చి, వేరే గుంటల్లో అవే రంగుల్ని తారుమారు చేసి వదిలితే, ఏ రంగైనా సరే, తక్కువగా ఉన్నదే ఎక్కువ బతికింది. రంగులో గొప్ప లేదు, అరుదుగా ఉండటంలోనే ఉంది. మళ్ళీ 2013లో ఇంకో బృందం చూస్తే ఆడవి కూడా అరుదైన రంగు మగవాటితోనే ఎక్కువ పిల్లల్ని కన్నాయి. చంపేవాడూ, వరించేదీ ఇద్దరూ కొత్తదనం వైపే ఉన్నప్పుడు వైవిధ్యం ఎక్కడికి పోతుంది.

అంటే వేట వైవిధ్యాన్ని తగ్గిస్తుందా పెంచుతుందా అంటే, రెండూ చేస్తుంది, ఒకే వాగులో ఒకేసారి. రంగుల మొత్తాన్ని తగ్గించి, ఉన్న రంగుల్లో మాత్రం ఒక్కటే మిగలకుండా కాపలా కాస్తుంది.

ఆడదాని కోసం మగవాటి పోటీ కూడా సిక్లిడ్‌ని బట్టి మారుతుంది. ప్రమాదం లేనప్పుడు మగ గప్పీ ఆడదాని ముందు ఎస్ అక్షరంలా వంగి వణుకుతూ డాన్స్ చేస్తుంది. ప్రమాదం ఉన్నప్పుడు ఆ డాన్స్ తగ్గి, వెనకనుంచి చాటుగా వచ్చి బలవంతం చేయడం ఎక్కువవుతుంది, ఎందుకంటే ఆడది సిక్లిడ్‌ని కనిపెట్టుకుని ఉండటంలో మునిగి దీన్ని గమనించదు. ఈ వేధింపు చిన్నదేం కాదు, ఆడవాటికి మేసే టైమే దొరకదు. 2008లో అరిపోలో గమనించిన విషయం ఏంటంటే, ఆడవి లోతు నీళ్ళలోకి, సిక్లిడ్ భయం ఎక్కువున్న చోటుకి వెళ్ళిపోతున్నాయి. రంగులున్న మగవి అక్కడికి రావడానికి భయపడతాయి, అందుకని. తమ జాతి మగవాడి కంటే తమని తినే చేప పక్కనే నయం అనుకునే పరిస్థితి. దీని మీద ఇంకేం రాయను, చదివినవాళ్ళకి అర్థమవుతుంది.

వేటగాడు అని ఒక్క మాటలో అంటున్నాం గానీ అసలు లెక్క వాడి నోటి సైజులో ఉంది. గప్పీ ఎంత పెరిగినా సిక్లిడ్ నోట్లో పడుతుంది, కాబట్టి పెరగడం వల్ల లాభం లేదు. స్వీడన్ చెరువుల్లోని క్రూషియన్ కార్ప్ కథ వేరే, అది మన బొచ్చె, రోహుల కుటుంబమే. అక్కడ దాన్ని తినేది పైక్ అనే చేప, దాని నోరు ఇంతకి మించి తెరుచుకోదు. 1992లో బ్రోన్‌మార్క్, మైనర్ అనే ఇద్దరు, పైక్ ఉన్న చెరువుల్లో కార్ప్ వీపు నుంచి పొట్ట దాకా వెడల్పై, పళ్ళెంలాగా తయారవుతుందని చూపించారు. పైక్ లేని చెరువులో అదే కార్ప్ సన్నగా, చిన్నగా, వందల కొద్దీ ఉంటుంది. ఇక్కడ జన్యువులు మారాల్సిన పని కూడా లేదు, పైక్ వాసన నీళ్ళలో తగిలితే చాలు, అదే చేప ఒళ్ళు వెడల్పు చేసుకుంటుంది. మరి ఎప్పుడూ వెడల్పుగానే ఉండొచ్చు కదా అంటే, ఆ ఒంటితో ఈదడానికి ఎక్కువ ఒళ్ళు హూనమవుతుంది, కిక్కిరిసిన చెరువులో దాయాదులతో పోటీపడేటప్పుడు ఆ దుబారా భరించలేదు. కొంత పోటీ తగ్గి తిండి పెరిగిన వెసులుబాటు, కొంత పైక్ భయం, రెండూ కలిసి పళ్ళెం.

ఇన్ని చెప్పాక వేటే అన్నిటికీ మూలం అనుకునే ప్రమాదం ఉంది. బహామాస్‌లో చిన్న చిన్న దీవుల మీద కాల్స్‌బీక్, కాక్స్ అనే ఇద్దరు చేసిన పని దీనికి మంచి విరుగుడు. 2010లో అచ్చయింది. మన తొండ లాంటి గోధుమరంగు అనోల్ బల్లులు అక్కడ నిండుగా ఉంటాయి. వీళ్ళు కొన్ని దీవులకి దీవుల్నే వలలతో కప్పేశారు పక్షులు రాకుండా, కొన్నింటిని వదిలేశారు, కొన్నింట్లో పాములు కూడా వేశారు. ఇంకోవైపు కొన్ని దీవుల్లో బల్లుల సంఖ్యని పెంచారు. ముందే ప్రతి బల్లి పొడవు, కాళ్ళ పొడవు కొలిచి, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి (నిజంగానే) దాని దమ్ము కూడా రాసుకున్నారు. కొన్ని నెలల తర్వాత బతికినవాటిని మళ్ళీ పట్టారు. పాములు, పక్షులు ఉన్నచోట బల్లులు ఎక్కువే చచ్చాయి, చెట్టు మీద కూర్చునే చోటు కూడా మార్చుకున్నాయి, కానీ పొడుగుదీ పొట్టిదీ, దమ్మున్నదీ లేనిదీ అన్న తేడా లేకుండా చచ్చాయి. గుంపు పెరిగిన దీవుల్లో మాత్రం పెద్దవి, కాళ్ళు పొడుగున్నవి, దమ్మున్నవి మిగిలాయి. అక్కడ జాతిని చెక్కుతున్నది దాయాదులే, పాము వచ్చి తలలు మాత్రం లెక్కపెట్టి తీసుకుపోతోంది.

గప్పీల దగ్గర ఒకలా, బల్లుల దగ్గర ఇంకోలా ఎందుకు? నాకు తోచిన తేడా ఏంటంటే, ట్రినిడాడ్‌లో వేట ఉన్న చోటు, లేని చోటు తరతరాలుగా విడివిడిగా ఉన్నాయి, జనాభా కూడా దానికి తగ్గట్టు స్థిరపడింది. బహామాస్‌లో చూసింది కొన్ని నెలల్లో ఎవరు బతికారు అన్నది. వేట వెంటనే చేసే పని చంపడం, దాని వల్ల పోటీ సడలి తేలే ఫలితాలు తర్వాతెప్పుడో. పైగా పాముకి ఏ బల్లైనా ఒకటే అయితే, అది ఎంతమందిని తిన్నా జాతి రూపురేఖలు కదలవు. చంపడం వేరు, ఏరి చంపడం వేరు.

నా తొట్టి సంగతి చెప్పి ఆపేస్తాను. చేపలు మరీ సన్నబడిపోతుంటే చూడలేక పక్కింటి పిల్లాడికి ఇస్తానన్నాను. వాడు సాయంత్రం హార్లిక్స్ సీసా పట్టుకుని, ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూడా వేసుకుని వచ్చాడు. టీ జల్లెడతో ఇరవై దాకా పట్టుకెళ్ళారు. రెండు వారాలకి మిగిలిన ఆడవి పొట్టలతో నిండుగా కనిపించాయి, పిల్లలూ ఎక్కువ దక్కాయి, అదీ నేను మేత పెంచకుండానే. నెల తిరక్కుండా పిల్లాడు మళ్ళీ వచ్చాడు, ఆ తర్వాత మళ్ళీ. "అంకుల్, బూడిదవి వద్దు, తోకకి ఆరెంజ్ ఉన్నవే కావాలి" అని వాడే వంగి ఏరుకుంటాడు, నేను పట్టించుకోలేదు. మొన్న ఆదివారం వచ్చి జల్లెడ ముంచి, చాలాసేపు తొట్టిలోకి చూసి, ఖాళీ సీసాతోనే మెట్లు దిగిపోయాడు. "ఈసారి మంచివి లేవు అంకుల్."